తాళంచెవి ఎవరింట్లో ఉంది?

ఒరేయ్ శీనూ,

నీ రెండుత్తరాలకీ జవాబు లేదు, తిట్టుకో, తప్పులేదు. అంకారాలో చలి ఎముకలు కొరుకుతోంది, పరీక్షలు అయ్యాయి, తిండి ఫర్వాలేదు. అవన్నీ వదిలెయ్, అసలు సంగతి విను.

మొన్న రాత్రి మంచులో నేనూ, మా ఉజ్బెక్ రూమ్మేటూ గది బయట నిలబడ్డాం. తాళంచెవి లేదు. దాన్ని చివరగా వాడిన టర్కీ మిత్రుడికి మెసేజ్ పెడితే రెండే ముక్కలు: 'అనహ్తార్ ఎవిన్‌దే'. తాళంచెవి నీ ఇంట్లో ఉంది అన్నాడు రూమ్మేటు. ఇంట్లో ఉంటే బయటున్న మేమేం చెయ్యాలిరా! ఫోన్ చేస్తే ఎత్తడు. చివరికి కింద వాటాలో ఉండే వాచ్‌మన్ ఒంటికి చుట్టుకున్న శాలువాతో బయటికొచ్చి, వేలికి తగిలించుకున్న తాళంచెవి ఊపాడు. అంటే ఆ మెసేజ్‌కి అర్థం 'వాడి ఇంట్లో', వాచ్‌మన్ ఇంట్లో అన్నమాట!

ఎందుకంటే, టర్కిష్‌లో ఎవ్ అంటే ఇల్లు. ఎవిమ్ నా ఇల్లు, ఎవిన్ నీ ఇల్లు, ఎవి వాడి ఇల్లు. మన 'లో'కి బదులు 'దే' తగిలిస్తే ఎవిమ్‌దే, ఎవిన్‌దే. మరి 'వాడి ఇంట్లో'? ఎవికీ దేకీ మధ్య ఒక న్ దూరుతుంది, అదీ ఎవిన్‌దే! నుగాగమంరా శీనూ, నుగాగమం! మన తెలుగు మాస్టారు, ఆ బెత్తం, నీ చెవి... ఇంక చెప్పను. ఔపవిభక్తికాల బాధ మాత్రం లేదు, మన ఇల్లు 'ఇంటి' అయినట్టు ఎవ్ మారదు. 'వాచ్‌మన్ ఇంట్లో' అని విప్పి చెప్పాలంటే 'కపిజినిన్ ఎవిన్‌దే', అంటే ఇంటాయనకీ ప్రత్యయం, ఇంటికీ ప్రత్యయం, వాచ్‌మన్ యొక్క వాడి ఇంట్లో అన్నట్టు. ఆ ఒక్క మాట రాసుంటే మా కాళ్లు గడ్డకట్టేవి కావు.

రూమ్మేటు గర్వం చూడాలి! వాళ్ల ఉజ్బెక్‌లో నీ ఇంట్లో అంటే 'ఉయింగ్‌దా', వాడి ఇంట్లో అంటే 'ఉయిదా', ఆ న్ గొడవే లేదట. అసలు టర్కిష్‌లోనూ పూర్వం 'నీ' ప్రత్యయంలో ఉన్నది ఙకారమే, పాత అరబిక్ లిపిలో దానికి వేరే అక్షరం కూడా ఉండేది, 'చెవిటి కెఫ్' అనేవాళ్లు (కెఫ్ అంటే ఆ లిపిలో క అక్షరం). ఇస్తాంబుల్ యాసలో ఙ కాస్తా న్ అయిపోయింది, 1928లో లాటిన్ లిపికి మారినప్పుడు ఆ అక్షరమూ పోయింది. కొన్ని పల్లెల్లో ఇంకా ఙ అనే పలుకుతారట. మన ఒత్తుల పుస్తకంలో ఙ చూసి నువ్వు వేసిన బొమ్మ గుర్తొచ్చి తెగ నవ్వుకున్నాను, రూమ్మేటుకి ఎలా చెప్పనురా అది!

ఇంకోటుంది, 'పుస్తకం చదివాను'కీ 'ఆ పుస్తకాన్ని చదివాను'కీ వీళ్లు ఒక్క ఇకారంతో తేడా చూపిస్తారు, కితాప్, కితాబి... అమ్మో, బస్సొచ్చేసింది. చెల్లి పెళ్లి ముహూర్తం ఖాయమైతే వెంటనే రాయి, టికెట్ల రేట్లు చూసుకోవాలి.