చార్జర్ మార్చే ముందు కొలుస్తాం, ఆలస్యమైనా సరే

నమస్తే అండి. మా వర్క్‌షాప్‌కి ఎలక్ట్రిక్ కార్లు తెచ్చే వాళ్లందరికీ ఒక విషయం దాచకుండా చెప్పాలని రాస్తున్నాను. గత నెలలో మేం ఒక కారుకి అనవసరంగా ఆన్‌బోర్డ్ చార్జర్ (ఇంటి ఏసీ కరెంటుని బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చే, కారు లోపలి పెట్టె) మార్చాం. చార్జింగ్ పెట్టిన ఇరవై నిమిషాలకి ఆగిపోతోందని తెచ్చారు. స్కానర్ పెడితే చార్జింగ్ ఎర్రర్ కోడ్ వచ్చింది, ఇలాంటివి ఇదివరకు చూశాం కదా అని చార్జరే పోయిందని నేనే తేల్చేశాను. కొత్తది వేసి, పది నిమిషాలు చార్జింగ్ పెట్టి చూసి, బాగానే ఉందని పంపేశాం. మర్నాడు పొద్దున్నే కారు యజమానురాలి ఫోన్, మళ్లీ అదే ఇరవై నిమిషాలకి ఆగిపోయిందని. ఆవిడ ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు, నాకు అదే ఇంకా బాధనిపించింది.

రెండోసారి కారు వచ్చాక చార్జింగ్ సాకెట్ ఊడదీసి వెనక వైపు చూశాం. అది టైప్ 2 అనే రకం సాకెట్, దాంట్లో ఏడు పిన్నులుంటాయి. వాటిలో రెండు సన్నవి, ఆ రెండింట్లో ఒకటి పైలట్ పిన్ను. దాని వెనక, వైరుని పిన్నుకి నొక్కి బిగించిన (క్రింప్ చేసిన) చోట, పచ్చగా చిలుము పట్టి ఉంది. టార్చి వేసి దగ్గరగా చూస్తే రాగి పోగులు రెండో మూడో మిగిలాయి, తక్కినవన్నీ తెగిపోయాయి. కరెంటు పూర్తిగా తీసేసి ఆ వైరుకి మీటర్ పెట్టి మెల్లగా కదిపితే, దాదాపు సున్నా ఉండాల్సిన రీడింగు నాలుగైదు వందల ఓములకి ఎగిరి మళ్లీ దిగుతోంది.

చార్జింగ్ పాయింటూ కారూ మాట్లాడుకునేది ఈ సన్న వైరు మీదే. పాయింటు అందులో 12 వోల్టులు పెట్టి ఉంచుతుంది, కేబుల్ గుచ్చగానే కారులోని రెసిస్టర్ వల్ల అది 9కి దిగుతుంది, కారు సిద్ధమయ్యాక 6కి దిగుతుంది, అప్పుడుగానీ పాయింటు లోపల కాంటాక్టర్ (కరెంటుని కలిపే పెద్ద స్విచ్) పడి అసలు కరెంటు రాదు. మధ్యలో తెగిన వైరు ఓ ఐదు వందల ఓములు అడ్డం పెడితే ఆ 6 కాస్తా 7 దాటుతుంది. కారు సిద్ధంగా ఉందో లేదో తెలియక పాయింటు కరెంటు ఆపేస్తుంది, అది ఆపడం సరైనదే కూడా. సాకెట్ చల్లగా ఉన్నంతసేపు ఆ రెండు పోగులు పట్టుకుని ఉండేవి, వేడెక్కి లోహం సాగేసరికి వదిలేసేవి. ఇరవై నిమిషాల లెక్క అక్కడిది. మేం పది నిమిషాలే చూశాం.

ఇంకో పొరపాటు కూడా చెప్పాలి. మొదటిసారే పైలట్ మీద మామూలు మల్టీమీటర్ పెట్టి, మైనస్ 10 దగ్గర ఏదో చూపిస్తే మీటరే తిక్కగా ఉందనుకుని వదిలేశాం. కారు తగిలించాక ఆ వోల్టేజి నిలకడగా ఉండదు, సెకనుకి వెయ్యిసార్లు పైకి ఎక్కి మైనస్ 12కి పడుతుంది, పైన ఎంతసేపు ఉందన్నదాన్ని బట్టే ఎన్ని ఆంపియర్లు తీసుకోవచ్చో కారుకి తెలుస్తుంది. పదో వంతు సమయం పైన ఉంటే 6 ఆంపియర్లు. మామూలు మీటర్ వీటన్నిటి సగటు చూపిస్తుంది, దాంతో ఏమీ తేలదు. అందుకని వోల్టేజి క్షణక్షణం ఎలా మారుతోందో తెర మీద గీసి చూపించే ఆసిలోస్కోప్ కొన్నాం, ఇప్పుడు పైలట్ సిగ్నల్ చూడకుండా ఏ కారుకీ చార్జింగ్ ఫాల్ట్ ఇదీ అని చెప్పడం లేదు.

ఆవిడకి చార్జర్ డబ్బు, మా కూలి మొత్తం వెనక్కి ఇచ్చేశాం, పాత చార్జర్ తిరిగి బిగించాం, సాకెట్ వైరింగ్ కొత్తది వేశాం. ఇప్పుడు చక్కగా చార్జ్ అవుతోంది.

ఇక నుంచి మా దగ్గర ఏం మారుతోందంటే, చెక్ చేయడానికి కనీసం ఒక పూర్తి రోజు కారు మా దగ్గర ఉండాలి, ఎందుకంటే ఫాల్ట్ వచ్చేదాకా చార్జింగ్‌లో పెట్టి చూస్తాం. చెకింగ్‌కి విడిగా బిల్లు వేస్తాం, పార్టు మార్చినా మార్చకపోయినా. ఇది కొందరికి నచ్చదని తెలుసు. కానీ చెకింగ్ ఉచితమని చెప్పి ఆ ఖర్చు పార్టుల మీద రాబట్టుకునే పద్ధతి వల్లే అవసరం లేని పార్టులు మారతాయి, అది నాకు ఇష్టం లేదు.

మీరు ఇంట్లో వాడే కేబుల్ తప్పకుండా తీసుకురండి, తప్పు సగం సార్లు కారులో ఉండదు. ఎప్పుడు ఆగుతోందో కూడా గమనించి చెప్పండి, మాకు స్కానర్ కంటే అదే ఎక్కువ పనికొస్తుంది. బయట స్టేషన్లలో చేసే డీసీ ఫాస్ట్ చార్జింగ్ బాగానే అవుతూ ఇంట్లో మాత్రం అవ్వకపోతే, ఆన్‌బోర్డ్ చార్జర్‌నీ మీ ఇంటి లైన్‌నీ ముందు చూస్తాం, డీసీ కరెంటు ఆ చార్జర్ గుండా పోదు కాబట్టి. రెండూ అవ్వకపోతే పైలట్, ఎర్త్, సాకెట్ లాక్ మోటార్ (ప్లగ్ ఊడిరాకుండా పట్టి ఉంచేది) ముందు చూస్తాం. వాన పడ్డప్పుడే ట్రిప్ అవుతోందంటే ఎక్కడో తడి చేరి ఇన్సులేషన్ దెబ్బతిన్నట్టు అనుమానించాలి.

ప్లగ్ కానీ సాకెట్ కానీ పట్టుకోలేనంత వేడిగా ఉన్నా, ప్లాస్టిక్ రంగు మారినా, మా దగ్గరికి వచ్చేదాకా కూడా ఆగకుండా ఆ క్షణమే చార్జింగ్ మానేయండి. ఒక వదులు స్క్రూ దగ్గర పదో వంతు ఓము పెరిగితే చాలు, 32 ఆంపియర్ల దగ్గర అక్కడ 100 వాట్ల వేడి పుడుతుంది, అంటే వేలెడంత చోటులో పాతకాలం బల్బు వెలిగినట్టు. స్క్రూ మీరే బిగించొద్దు, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. కారులోని నారింజ రంగు వైర్ల (ఎక్కువ వోల్టేజి ఉండేవి) జోలికి అసలు వెళ్లొద్దు, కారు ఆఫ్ చేసినా కెపాసిటర్లలో కరెంటు కాసేపు నిలిచే ఉంటుంది.

పోయిన ఏడాదిలో మా దగ్గర చార్జర్ మార్పించుకున్న వాళ్లలో ఎవరికైనా ఆ ఇబ్బంది మళ్లీ వచ్చి, మొహమాటపడి చెప్పకుండా ఊరుకుని ఉంటే, దయచేసి కారు తీసుకురండి. మీకు చెకింగ్ బిల్లు ఉండదు, తప్పు మాదైతే డబ్బు వెనక్కి ఇస్తాం. తీసేసిన పాత చార్జర్లు ఇంకా మా దగ్గరే ఉన్నాయి, వాటిని ఒక్కొక్కటిగా పరీక్షిస్తున్నాం. బాగున్నది కనిపిస్తే మేమే ఫోన్ చేస్తాం.