ఊగే కుర్చీకి మేకు కొట్టొద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇంటి సామాను మరమ్మతుల మీద వేసిన వ్యాసం చదివాను. తలుపుల కిర్రు గురించి, సోఫా దుమ్ము గురించి చెప్పినవి బాగున్నాయి. అతుకు వదులై అటూ ఇటూ ఊగే కుర్చీకి ఆ అతుకు దగ్గర రెండు మేకులు దిగ్గొడితే చాలన్న మాటను మాత్రం వడ్రంగిగా నేను ఒప్పుకోలేను. నా దగ్గరికి బాగుకు వచ్చి, ఇక లాభం లేదని పక్కన పెట్టాల్సి వచ్చేవి చాలావరకు అలా మేకులు తిన్న కుర్చీలే.

చెక్క తేమకు ఉబ్బుతుంది, పొడిగాలికి కుంచించుకుపోతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగి, కాలి బెజ్జంలో అడ్డకర్ర కొసను పట్టి ఉంచిన జిగురు విడిపోతుంది. కుర్చీ ఊగుతోందంటే చాలాసార్లు పోయింది జిగురే, కర్ర గట్టిగానే ఉంటుంది. మేకు దిగితే ఆ సన్నటి కొస నిలువునా చీలుతుంది. చీలకపోయినా, కూర్చున్నప్పుడల్లా కదిలి కదిలి మేకు చుట్టూ కన్నం పెద్దదవుతుంది.

ముందు ఏ కర్ర ఎక్కడిదో సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. గుడ్డ చుట్టిన చెక్కముక్క అడ్డం పెట్టి సుత్తితో మెల్లగా తడుతూ అతుకు ఊడదీయండి. తర్వాత పాత జిగురంతా గీకెయ్యాలి. ఓపిక పట్టాల్సింది ఇక్కడే, తొందరపడి చాలామంది వదిలేసేదీ దీన్నే. తెల్ల జిగురు చెక్కలోకి ఇంకితేనే పట్టు దొరుకుతుంది, పాత పొర మీద పూస్తే పట్టదు. బాగా పాతకాలపు కుర్చీల్లో తోళ్లు కాచి తీసిన జిగురు వాడేవారు, అది వేడినీళ్లలో తడిపిన గుడ్డకు మెత్తబడుతుంది. గరుకు కాగితం మాత్రం గట్టిగా రుద్దకండి, కొస సన్నబడి ఇంకా వదులవుతుంది. ఇప్పటికే వదులుగా ఉంటే పల్చటి చెక్కపొర ఒకటి జిగురుతో అతికించండి.

బెజ్జంలోనూ కొసకూ జిగురు రాసి బిగించాక, కాళ్ల చుట్టూ తాడు కట్టి, మధ్యలో పుల్ల దూర్చి మెలితిప్పండి. తాడు ఒరుసుకునే చోట గుడ్డ పెట్టండి. పైకి పొంగిన జిగురును తడిగుడ్డతో వెంటనే తుడిచెయ్యండి. నాలుగు కాళ్లూ నేలకు ఆనుతున్నాయో లేదో అప్పుడే చూసుకోవాలి, ఆరాక సరిచేయడం కష్టం. 24 గంటల దాకా ఎవరినీ కూర్చోనివ్వకండి.

కాలి దగ్గర పిండిలాంటి పొడి రాలుతుంటే పురుగు పట్టిందేమో చూడండి, దానికి మందు వేయకుండా అతికించి ప్రయోజనం లేదు. చెక్కపొట్టును అచ్చుపోసి చేసిన బల్లలు నీళ్లకు ఉబ్బితే మళ్లీ మామూలు కావు, వాటికి ఈ పద్ధతి పనికిరాదు.

మేకుల సలహా చదివినవాళ్లు సుత్తి పట్టుకోకముందే ఈ సవరణను అదే పేజీలో వేయమని నా మనవి.

ఇట్లు,
ఒక వడ్రంగి