గాలిదుమారం రోజుల్లో మా ఇంటిని కనిపెట్టుకున్న అందరికీ

మొన్నటి గాలిదుమారానికి నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు మా ఊళ్లో కరెంటు పోయింది కదా, అది మళ్లీ వచ్చేదాకా మా ఇంటిని ఓ కంట కనిపెట్టుకున్న వాళ్లందరికీ ఈ నాలుగు మాటలు. ఇల్లిల్లూ తిరిగి చెప్దామనే మొదలుపెట్టాను, కానీ వెళ్లిన చోటల్లా "దానికేముందిలే" అంటూ చాయ్ చేతిలో పెట్టి మాట మార్చేస్తున్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నా. పేర్లు మాత్రం రాయను, లైన్‌మన్ అన్న ముందే వద్దన్నాడు.

అన్నిటికంటే పెద్ద టెన్షన్ మా అత్తమ్మ ఇన్సులిన్ గురించే. ఇన్వర్టర్ మొదటి రాత్రికే చేతులెత్తేసింది. ఫ్రిజ్‌లో నెలకు సరిపడా మందు, బయట చూస్తే వాన వెలిసిన మర్నాడే మళ్లీ మామూలు మే నెల ఎండ. కిరాణా దుకాణం కాక అడక్కుండానే ఐస్ పంపించాడు. నేను సీసాలు తెచ్చి అందులో పెట్టబోతుంటే ఊరి నర్సు, మా ఏఎన్ఎం అక్క, పరుగున వచ్చింది: "ఐస్‌కు తగలనియ్యకు చెల్లె, ఒక్కసారి గడ్డకట్టిందంటే ఇగ పారబోసుడే." తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిందేనట. అవి పట్టుకుని ఆమె తన స్కూటీ మీదే చండూరు వెళ్లి, కరెంటున్న మెడికల్ షాపు ఫ్రిజ్‌లో పెట్టించి వచ్చింది. వాడుతున్న సీసా మరీ వేడెక్కకుండా ఉంటే చాలు, దానికి కుండ సరిపోతుందంది. పక్కింట్లో కొత్త గోడ లేస్తోంది కదా, అక్కడి ఇసుక తెచ్చి పెద్ద కుండలో పోసి, తడిపి, మధ్యలో చిన్న కుండ దించి, అందులో ప్లాస్టిక్ డబ్బాలో సీసా, పైన తడిగుడ్డ. గాలి ఆడే వసారాలో పెట్టి, ఇసుక ఆరినప్పుడల్లా నీళ్లు చిలకరించడం మా చిన్నోడి డ్యూటీ. చెయ్యి పెడితే నిజంగానే చల్లగా ఉంది. షుగర్ మందు ఉన్న ఇళ్లవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక నీళ్లు. కరెంటు లేకపోతే నల్లాకు వచ్చే మిషన్ భగీరథ నీళ్లు ట్యాంకుకెక్కవు. బోరు దగ్గర చేతిపంపు ఉంది కానీ అవి ఫ్లోరైడ్ నీళ్లని మన వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. మరగబెట్టి తాగితే సరిపోతుందని పట్నం నుంచి ఫోన్ చేసిన మా చుట్టాలు సలహా ఇచ్చారు. మరగబెడితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆ ఫ్లోరైడ్ నీళ్లకే మెడ తిప్పలేక, మోకాళ్లు చాపలేక అరుగు మీదే కూర్చునే మా వాడకట్టు పెద్దయ్య, నేను చేతిపంపు దగ్గర బిందె పెట్టడం చూసి కేకేశాడు, "గిన్నెలు తోముకోనీకి తీస్కపో బిడ్డా, పిల్లలకు మాత్రం పొయ్యకు." ఆయన చెప్పాక ఇంకెవరం కాదంటాం.

ఆ సాయంత్రానికే ట్రాక్టర్ మామ పక్క ఊరి నుంచి ట్యాంకర్‌తో మంచినీళ్లు తెచ్చాడు. ఆయన వడ్లు కొనుగోలు కేంద్రంలో కుప్ప పోసి ఉన్నాయి, పైన కప్పిన టార్పాలిన్ పట్టాలు లేచిపోయి సగం తడిసినయ్, ఆ రోజు ఆయన ఉండాల్సింది అక్కడ. మర్నాడు ట్రాక్టర్‌కు జనరేటర్ తగిలించి వాడకట్టులో ఒక్కో ఇంట్లో ఫోన్లు, ఫ్రిజ్‌లు కాసేపు నడిపించాడు. ప్రతి ఇంట్లో ముందు మెయిన్ ఆఫ్ చేయించి, తీగ నేరుగా ఫ్రిజ్‌కే ఇచ్చాడు. మెయిన్ ఆన్‌లో ఉండగా జనరేటర్ కలిపితే కరెంటు వెనక్కి లైన్‌లోకి ఎక్కి, స్తంభం మీదున్న మనిషి ప్రాణం తీస్తుంది. మామ అది తెలిసి చేశాడు. జనరేటర్ ఉన్నవాళ్లంతా దయచేసి అలాగే చెయ్యండి.

ఎందుకంటే అప్పటికి లైన్‌మన్ అన్న స్తంభం మీదే ఉన్నాడు. మన ఊరు ఫీడర్‌కు, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైనుకు చిట్టచివర, 11 కేవీ లైను మొత్తం పొలాల మీదుగా వస్తుంది. ఎక్కడ వేపచెట్టు పడింది, ఎక్కడ ఇన్సులేటర్ పగిలింది అని లైను వెంట నడుచుకుంటూ చూడాలి, దొరికిన ప్రతిచోటా సబ్‌స్టేషన్‌లో లైన్ క్లియర్ (కరెంటు ఆపామన్న మాట) తీసుకున్నాకే తీగ ముట్టాలి. బురదలో క్రేన్ దిగబడుతుందని సిమెంటు స్తంభాన్ని మన పోరగాళ్లే మోకులు కట్టి గుంత దాకా లాగారు. నేను చద్ది పట్టుకెళ్లేసరికి అన్న చేతులు తీగ గీరుకుని ఎర్రగా ఉన్నాయి, కడుక్కోవడానికి నీళ్లిస్తే ముందు తాగేశాడు. ఆయనకే ఫోన్ చేసి బూతులు తిట్టినవాళ్లు కొందరున్నారు. కరెంటోళ్ల ఫిర్యాదుల నంబర్ 1912కి ఫిర్యాదు చెయ్యండి, తప్పు లేదు, అది అందుకే పెట్టారు. స్తంభమెక్కిన మనిషి జేబులో ఫోన్ మోగించి తిట్టడమేంది?

అత్తమ్మ బాగుంది, మందు ఒక్క పూట కూడా తప్పలేదు. ట్రాక్టర్ మామ డీజిల్ డబ్బులు తీసుకోనంటున్నాడు, వాళ్లింట్లో ఆయన భార్యకు, అత్తకు ఇచ్చి వస్తా, ఆమె కాదనదు. నీళ్లు తెచ్చిచ్చిన బిందెల్లో ఒకటి మా ఇంట్లోనే ఉండిపోయింది, స్టీలుది, మూతి దగ్గర సొట్ట ఉంది. ఎవరిదో వచ్చి తీసుకెళ్లండి.