సంకలన రికార్డుకు ఒక్క బ్యాండు పేరుతో వెలకట్టవద్దు

సంపాదకులకు నమస్కారములు.

పాత గ్రామఫోన్ రికార్డుల సేకరణ మళ్ళీ పుంజుకుంటున్న తీరుపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తితో చదివాను. అరుదైన రికార్డులు పలుకుతున్న ధరల గురించి అందులో వివరంగా రాశారు. అయితే ఆ ధరకు కారణమైన పేరున్న బ్యాండు పక్కనే, అదే రికార్డు మీద, లోకం మరిచిపోయిన మరికొన్ని బ్యాండ్లు కూడా ఉంటాయన్న సంగతి రాలేదు. 1980లలో ఒక్కొక్క నగరంలో పెద్ద సంస్థల అండ లేకుండా పుట్టిన అండర్‌గ్రౌండ్ హెవీ మెటల్ (హోరెత్తించే ఎలక్ట్రిక్ గిటార్ల రాక్ సంగీతం) బ్యాండ్లను ఒకచోట చేర్చి విడుదల చేసిన వినైల్ (ప్లాస్టిక్ రికార్డు) సంకలనాలను చాలాకాలంగా సేకరిస్తున్నవాడిగా, ఈ విషయాన్ని మీ పాఠకుల ముందు ఉంచాలనిపించింది.

ఆ రోజుల్లో స్టూడియో అద్దె, రికార్డు ముద్రణ, అట్టల ఖర్చు కలిపితే ఒక కొత్త బ్యాండు ఒంటరిగా మోయగలిగిన భారం కాదు. ఒక 12 అంగుళాల రికార్డుకు ఒక్కో వైపు సుమారు 20 నిమిషాల సంగీతం పడుతుంది కాబట్టి, నాలుగైదు బ్యాండ్లు తలా రెండు పాటలు ఇస్తే ఒక ఎల్పీ, అంటే పూర్తి నిడివి రికార్డు, తయారయ్యేది. లండన్‌లో నీల్ కే అనే డీజే కూర్చగా ఈఎంఐ సంస్థ 1980లో విడుదల చేసిన 'మెటల్ ఫర్ ముథాస్' ఈ పద్ధతికి దారి చూపింది. ఐరన్ మెయిడెన్ పాటలు రెండు, ఏంజెల్ విచ్, శాంసన్, ప్రేయింగ్ మాంటిస్ వంటి బ్యాండ్ల పాటలు అందులో ఉన్నాయి. దాని స్ఫూర్తితోనే లాస్ ఏంజెలెస్‌లో బ్రయాన్ స్లాగెల్ అనే యువకుడు 1982లో 'మెటల్ మాసకర్' తెచ్చాడు. తరువాత ప్రపంచ ప్రసిద్ధి పొందిన మెటాలికా బ్యాండు పాట మొదటిసారి రికార్డు మీదికి ఎక్కింది అందులోనే.

ధరల చిక్కు కూడా ఇక్కడే మొదలవుతుంది. 'మెటల్ మాసకర్' తొలి ముద్రణలో మెటాలికా పేరులో ఒక 'టీ' అక్షరం అదనంగా పడింది. ఆ అచ్చుతప్పు ఉన్న ప్రతి కోసం సేకర్తలు పోటీ పడతారు. నా దృష్టిలో తొలి ముద్రణ విలువ ఆ అక్షరంలో లేదు. అందులో మెటాలికా పాటకు లాయిడ్ గ్రాంట్ గిటారు వాయించాడు. రెండో ముద్రణలో అదే పాటకు వేరే రికార్డింగు పెట్టారు. స్టీలర్ బ్యాండు పాటను తీసేసి, ఆ చోట బ్లాక్ ఎన్ బ్లూ పాట చేర్చారు. పేరు ఒకటే అయినా ఈ రెండు ముద్రణలూ ఒకే రికార్డు కావు. ఆ నగరంలో ఆ సంవత్సరం ఎవరెవరు వాయిస్తున్నారో తెలుసుకోవాలంటే రెండూ కావాలి. అమ్మకపు ప్రకటనల్లో మాత్రం సాధారణంగా మెటాలికా పేరు ఒక్కటే కనిపిస్తుంది. అదే రికార్డు మీద సిరిత్ అంగోల్, డెమన్ ఫ్లైట్, పాండెమోనియం అనే బ్యాండ్లు ఉన్నట్టే తెలియదు.

నాకు అన్నిటికంటే ప్రియమైన ఉదాహరణ బ్రెజిల్‌కు చెందినది. మినాస్ జెరాయిస్ రాష్ట్ర రాజధాని బెలో హొరిజోంటేలో 1980లో కొగుమెలో అనే రికార్డుల దుకాణం మొదలైంది. 1964 నుంచి ఆ దేశంలో సాగిన సైనిక పాలన ముగిసిన 1985లోనే ఆ దుకాణం లేబుల్‌గా, అంటే రికార్డులు విడుదల చేసే సంస్థగా, మారి, ఒక వైపు సెపుల్తురా, మరో వైపు ఓవర్‌డోజ్ అనే రెండు స్థానిక బ్యాండ్లతో తన మొదటి రికార్డు తెచ్చింది. మరుసటి ఏడాది, 1986లో, 'వార్‌ఫేర్ నాయిజ్' సంకలనం వచ్చింది. అందులో చకాల్, మ్యూటిలేటర్, సార్కోఫాగో, హోలోకాస్టో అనే నాలుగు బ్యాండ్లున్నాయి. నాలుగూ ఆ ఊరివే. 1987లో ఆ నాలుగింటికీ అదే లేబుల్ మీద సొంత ఎల్పీలు వచ్చాయి. అంటే ఇంకా ఎవరికీ పేరు రాని, ఎవరు నిలుస్తారో ఎవరు చెదిరిపోతారో తెలియని దశలో ఒక ఊరి సంగీతం ఎలా ఉందో పట్టి ఉంచినది ఈ సంకలనం. ముల్లు ఎత్తకుండా ఒక వైపంతా వింటే, ఒకరిని చూసి ఒకరు వేగం పెంచుకున్న కుర్రవాళ్ళ పంతం చెవికి తెలుస్తుంది. మిగతావారు ఇంగ్లీషులో పాడుతుంటే హోలోకాస్టో మాత్రం పోర్చుగీసులో పాడటం కూడా అలా పక్కపక్కన విన్నప్పుడే కొట్టొచ్చినట్టు వినిపిస్తుంది.

తరువాతి కాలంలో బ్లాక్ మెటల్ అనే మరింత కర్కశమైన మెటల్ శాఖకు చెందిన నార్వే సంగీతకారులు సార్కోఫాగో తమపై చూపిన ప్రభావాన్ని చెప్పుకున్నందువల్ల, ఈ రికార్డు వెల ఆ ఒక్క పేరు మీదే ఆధారపడిపోయింది. స్వీడన్, ఫిన్లాండ్ బ్యాండ్లతో 1984లో వచ్చిన 'స్కాండినేవియన్ మెటల్ అటాక్' సంకలనానికి అందులోని స్వీడన్ బ్యాండు బాథరీ పేరుతో జరిగినదీ ఇదే. ఆ బ్యాండ్ల గొప్పతనాన్ని నేను కాదనను. కానీ సార్కోఫాగో పాటలు మాత్రమే విని రికార్డును అరలో పెట్టేసే సేకర్తకు, ఆ బ్యాండు ఎవరి మధ్య పుట్టిందో, ఎవరితో పోటీ పడిందో ఎన్నటికీ తెలియదు. బెలో హొరిజోంటే నుంచి ఐదారు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న సావ్ పాలోలో, బరాటోస్ అఫిన్స్ అనే మరో దుకాణం 1984లో తెచ్చిన 'ఎస్పీ మెటల్' వినండి. అవెంజర్, వీరుస్, సలారియో మినిమో, సెంటూరియాస్ అనే నాలుగు బ్యాండ్లు పాడిన ఆ పాటల్లో రాగం ప్రధానంగా నడిచే పాత బ్రిటిష్ మెటల్ ధోరణి వినిపిస్తుంది. ఒకే దేశంలో రెండేళ్ళ ఎడంలో రెండు ఊళ్ళు ఇంత వేరుగా ఎలా వినిపించాయన్న ప్రశ్న, సంకలనాలను సంకలనాలుగా విన్నవారికే తోస్తుంది.

ఈ రికార్డుల అట్టల మీది బొమ్మలూ, మతాన్ని ధిక్కరించే మాటలూ కొందరికి అభ్యంతరకరంగా ఉంటాయని తెలుసు. నాకూ కొన్ని నచ్చవు. అయినా వాటిని దాచిపెట్టకుండా, ఏ సమాజంలో ఏ వయసు పిల్లలు అలా మాట్లాడారో గమనిస్తూ చదవడమే సరైనదని నా అభిప్రాయం. అలాగే అట్ట లోపల పెట్టిన కాగితాలను ఎవరూ పారేయకూడదు. వాటిలో అచ్చయ్యే ఉత్తరాల చిరునామాలూ, బ్యాండ్లు కృతజ్ఞత చెప్పుకున్న ఇతర బ్యాండ్ల, పత్రికల, దుకాణాల పేర్లూ కలిపి చూస్తే, టపాలో క్యాసెట్లు మార్చుకుంటూ ఒక తరం ఎలా ఒకరికొకరు పరిచయమయ్యారో బోధపడుతుంది. ఏ సీడీ పునర్ముద్రణలోనైనా మొదట పోయేది ఆ కాగితమే. రికార్డు మధ్యన పాట లేని నున్నటి వలయంలో చెక్కిన సంఖ్యలను కూడా రాసి పెట్టుకోవాలి. ఏది తొలి ముద్రణో, ఏది దొంగ ముద్రణో తేల్చడానికి చాలాసార్లు అవే ఆధారం. మన కోస్తా ఊళ్ళ తేమకు ప్లాస్టిక్ కన్నా ముందు అట్టలకే బూజు పడుతుంది కాబట్టి, వానాకాలంలో అరలను గోడకు ఆనించి ఉంచకపోవడం మంచిది.

ఈ పరాయి దేశపు ముచ్చట మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి రంగస్థల గాయకుల 78 ఆర్‌పీఎం రికార్డులు ఈనాటికీ వినగలుగుతున్నామంటే, వాటిని ఇళ్ళల్లో భద్రపరచిన సేకర్తల చలవ అందులో ఎంతో ఉంది. అప్పుడు కూడా ఒక ప్రసిద్ధ గాయకుడి పద్యాలనే ఉంచుకుని తక్కినవారివి వదిలేసి ఉంటే, ఆ నాటక సమాజాల గురించి మనకు తెలిసేది సగమే. ఇక మెటల్ విషయానికి వస్తే, హైదరాబాద్‌కు చెందిన డెత్ మెటల్ (మెటల్‌లో మరో తీవ్రమైన శాఖ) బ్యాండు గాడ్‌లెస్ 2016లో తన తొలి ఈపీ (కొద్ది పాటల చిన్న రికార్డు) విడుదల చేసి, ఆ తరువాత దేశం బయట కూడా శ్రోతలను సంపాదించుకుంది. ఆ బ్యాండు పేరు నిలుస్తుంది. దానికి ముందూ వెనకా అదే నగరంలోని కళాశాల వేదికల మీద వాయించి ఆగిపోయిన బ్యాండ్ల డెమో (తమ సంగీతం వినిపించడానికి సొంతంగా చేసుకున్న నమూనా రికార్డింగు) సీడీలు, చేతిరాత పాటల జాబితాలు, కార్యక్రమాల కరపత్రాలు ఎవరి అలమారాల్లో ఉన్నాయో ఎవరికీ పట్టలేదు. సొంతంగా రాసి తయారుచేసుకున్న సీడీలు వినైల్ అంత కాలం మన్నవు కూడా.

అందుచేత మీ అనుబంధంలో రికార్డుల గురించి మళ్ళీ రాసేటప్పుడు, ధరల పట్టికతో పాటు ఆ సంకలనంలోని బ్యాండ్లన్నిటి పేర్లూ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడల్లో ఒకప్పుడు మెటల్ వాయించినవారు తమ దగ్గర మిగిలిన డెమోల వివరాలు, అంటే వాయించినవారి పేర్లు, రికార్డు చేసిన చోటు, సంవత్సరం, పాటల వరుస, మీ పత్రికకు రాసి పంపేలా ఒక ప్రకటన వేయగలిగితే, వచ్చిన వివరాలను క్రమంలో పెట్టి జాబితా తయారుచేసే పని నేను సంతోషంగా చేస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం