ఎలక్ట్రిక్ జాకీ అడిగితే ముందు మేమే కొన్ని ప్రశ్నలు అడుగుతాం

మా దుకాణంలో ఎలక్ట్రిక్ జాకీ (టైరు మార్చడానికి కారును మోటారుతో లేపే పరికరం) అడిగిన వెంటనే పెట్టె తీసి ఇవ్వడం ఇకపై ఉండదు. మీ కారు ఏ మోడల్, జాకీ ఆనే కింది అంచు నేలకు ఎంత ఎత్తులో ఉంది, జాకీని ఎక్కువగా ఎక్కడ వాడతారు అని ముందే అడుగుతాం. డబ్బు ఇచ్చి కొనేవారికి ఈ విచారణ ఏమిటని విసుగు రావచ్చు. కారణం ఉంది.

పెట్టె మీద అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో కనిపించేది టన్నుల లెక్క: 3 టన్నులు, 5 టన్నులు. కొనేవారి చూపంతా దాని మీదే. మామూలు కారు మొత్తం బరువు సాధారణంగా ఒకటి నుంచి రెండు టన్నుల మధ్య ఉంటుంది. ఒక చక్రాన్ని లేపేటప్పుడు జాకీ మోసేది అందులో కొంత భాగమే. అందుకే చాలా కార్లకు టన్నుల దగ్గర ఇబ్బంది రాదు, ఎత్తు దగ్గరే వస్తుంది. జాకీ పూర్తిగా ముడుచుకున్నప్పుడు ఎంత ఎత్తు, పూర్తిగా లేచినప్పుడు ఎంత ఎత్తు అన్న రెండు కొలతలు చూడండి. కత్తెర రకం జాకీలు చాలావరకు 12 సెంటీమీటర్ల దగ్గర మొదలై 40 దాటే వరకు లేస్తాయి. హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో లేచే) రకం ముడుచుకున్నా 15 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. టైరులో గాలి పోతే కారు ఆ వైపు కుంగుతుంది కాబట్టి, దుకాణం ముందు సులువుగా దూరిన జాకీ అవసరమైన రోజున దూరకపోవచ్చు. ఎత్తయిన బండ్లది దీనికి తిరగబడ్డ బాధ. జాకీ చివరిదాకా లేచినా చక్రం నేల విడవదు. పైగా గాలి నిండిన స్టెప్నీ ఎక్కించడానికి పాత టైరు తీయడానికంటే ఎక్కువ ఖాళీ కావాలి. కింద నాలుగు ఇటుకలు పెట్టి సర్దుకుంటామనేవారికి నేను జాకీ అమ్మను.

రెండో సంగతి కరెంటు. ఈ జాకీలు 12 వోల్టుల మీద నడుస్తాయి. బరువు మీద పడ్డాక చాలా రకాలు 10 నుంచి 15 ఆంపియర్ల దాకా లాగుతాయి. కారు లోపలి లైటర్ సాకెట్‌కు ఉండే ఫ్యూజు కొన్ని బండ్లలో 10 ఆంపియర్లే. అలాంటి చోట కారు సగం లేచాక ఫ్యూజు పోవచ్చు, జాకీ అక్కడే ఆగిపోవచ్చు. అందుకే సాకెట్‌కు మాత్రమే పెట్టగలిగే రకాలను తెప్పించడం ఆపేశాం. నేరుగా బ్యాటరీకి తగిలించే క్లిప్పులు కూడా ఉన్నవే ఉంచుతున్నాం. కరెంటు లేకుండా చేత్తో దించే ఏర్పాటు ప్రతి రకంలోనూ ఉందో లేదో మేం చూస్తాం. దాన్ని ఎక్కడ పెట్టి తిప్పాలో మీరు ఇంటి దగ్గరే ఒకసారి చేసి చూడండి.

ఇంజిను ఆన్‌లో ఉంచాలా అని చాలామంది అడుగుతారు. బ్యాటరీ దిగిపోకుండా ఉంచమని కొన్ని జాకీల పుస్తకాలు చెబుతాయి. కారు జాకీ మీద ఉండగా ఇంజిను స్టార్ట్ చేయవద్దని కార్ల పుస్తకాలు హెచ్చరిస్తాయి. నేను కారు పుస్తకం పక్షమే. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీకి ఒక్క చక్రం లేపడం పెద్ద పని కాదు.

మీట నొక్కితే చాలనే ధీమా వల్ల మిగతా జాగ్రత్తలు జారిపోతుంటాయి. మోటారు తగ్గించేది చేతి శ్రమను మాత్రమే. కారు పక్కకు ఒరిగే ప్రమాదం చేతి జాకీతో ఎంతో దీనితోనూ అంతే. నేల చదునుగా, గట్టిగా ఉండాలి. ఎండకు మెత్తబడ్డ తారు మీదైతే జాకీ కింద మందపాటి చెక్క పలక వేయండి. అందరూ దిగాక హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో ఉంచి (ఆటోమేటిక్ అయితే పార్క్‌లో), లేపే చక్రానికి మూలగా ఎదురుగా ఉన్న చక్రానికి అడ్డు దిమ్మలు పెట్టండి. నట్లను చక్రం నేల మీద ఉండగానే కాస్త వదులు చేయాలి. జాకీ ఆనవలసిన చోటు కారు పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది. చాలా విద్యుత్ కార్లలో కారు అడుగు భాగమంతా బ్యాటరీయే కాబట్టి అక్కడ అంచనాలు పనికిరావు. జాకీ వాలుతున్నట్టు కనిపిస్తే వెంటనే ఆపి, దించి, మళ్లీ సరిగ్గా పెట్టండి. జాకీ ఒక్కటే మోస్తున్న కారు కిందికి చెయ్యి కూడా పెట్టవద్దు. కింద పని ఉంటే కారు బరువును మోసి నిలబెట్టే స్టాండ్లు కావాలి, అవి వేరే వస్తువు.

కొన్ని పెట్టెల్లో జాకీతో పాటు నట్లు విప్పే ఎలక్ట్రిక్ రెంచి కూడా వస్తుంది. నాకు దాని మీద పెద్దగా నమ్మకం లేదు. గట్టిగా పట్టేసిన నట్ల ముందు చాలావరకు అది చేతులెత్తేస్తుంది, బిగించేటప్పుడు నట్టు మరను పాడు చేయవచ్చు. నట్లను వేళ్లతో మొదలుపెట్టి, కారు దించాక మామూలు స్పానరుతో ఎదురెదురుగా ఒకదాని తర్వాత ఒకటి బిగించండి. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మరోసారి చూసుకోండి.

ఇప్పటికే మా దగ్గర కొన్నవారు జాకీని కారుతో సహా తీసుకురండి. ఎత్తు, ఫ్యూజు రెండూ చూస్తాం. సరిపోకపోతే, ఇంకా వాడనిదైతే, మార్చి ఇస్తాం. కారుతో వచ్చిన చేతి జాకీయే మీకు చాలనుకుంటే ఆ మాటా చెప్పి పంపిస్తాం.