కార్తీక మాసం పాపికొండలు బ్యాచ్‌లు ఎందుకు ఆపామంటే

నమస్కారమండీ. కార్తీక మాసానికి మా దగ్గర పాపికొండలు ట్రిప్ బుక్ చేసుకున్న నాలుగు బ్యాచ్‌ల వాళ్లకూ మద్దిలపాలెం ఆఫీసు నుంచి ఈపాటికి ఫోన్లు వచ్చే ఉంటాయి. "బోటు సర్వే పెండింగ్ ఉంది, ట్రిప్ ఆపాం" అని మా వాళ్లు రెండు ముక్కల్లో చెప్పారు. చాలామంది తిరిగి ఫోన్ చేసి అసలేమైందని అడిగారు. అడిగే హక్కు మీకుంది. జరిగింది జరిగినట్టు చెబుతాను.

తప్పు మాదే. ఆ బోటు మా బావా, నేనూ కలిసి కొన్నది. పోయిన ఏడాది సర్వే, అంటే బోటు భద్రంగా ఉందో లేదో చూసే తనిఖీ, అయిపోయాక పై డెక్ మీద ఇనుప పైపులతో షెడ్డు వేసి, రేకులు కప్పి, 20 కుర్చీలు బిగించాం. కింద చప్పుడు ఎక్కువగా ఉందని కొందరు అంటే జనరేటర్ కూడా పైకి ఎక్కించాం. ఇంటి మీద రేకుల షెడ్డు వేసుకున్నట్టే కదా అనుకున్నాం. ఏ అధికారినీ అడగలేదు, లెక్క కట్టగలిగిన వాళ్లకు చూపించలేదు. సీజనంతా మిమ్మల్ని అలాగే తిప్పాం.

ఈసారి సర్వేకి బోటు ఒడ్డుకి లాగాం. అడుగు రేకు మందం మిషన్ పెట్టి కొలిచారు, ఇంజన్, నీళ్లు తోడే పంపు, మంటలార్పే సిలిండర్లు చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి. తర్వాత సర్వేయర్ గారు పాత డ్రాయింగ్ తీసి, తలెత్తి పైకి చూశారు. "ఈ షెడ్డు ఇందులో లేదు కదా?" అన్నారు. ఆ వెంటనే, "ఈ మధ్య బోటు ఊగడం ఎలా ఉంది?" అని అడిగారు. మా బావ సంతోషంగా, "చాలా మెత్తగా ఉందండీ, ఉయ్యాలలా. కస్టమర్లు కూడా బాగుందంటున్నారు" అన్నాడు. ఆయన పెన్ను మూసి జేబులో పెట్టేశారు.

ఇరవై ఏళ్లుగా టూర్ల పనిలో ఉన్నా ఆ రోజు వరకు నాకు తెలియని సంగతి అది. బోటు ఒక పక్కకి ఒరిగి, చటుక్కున వెనక్కి లేస్తే కూర్చున్నవాళ్లకి కుదుపుగానే ఉంటుంది, కానీ దానికి నిలదొక్కుకునే బలం ఉన్నట్టు. నెమ్మదిగా ఒరిగి, నెమ్మదిగా లేస్తోందంటే బరువు పైకి వెళ్లిపోయిందని అర్థం. అలాంటి బోటులో, కొండ మలుపు రాగానే ఫోటోలకని అందరూ ఒకే పక్కకి వెళ్తే? మలుపులో సుడి తగిలితే? మీరు మెచ్చుకున్న ఆ ఉయ్యాల ఊపే ప్రమాదమని తెలిశాక నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

తర్వాత వైజాగ్ నుంచి నేవల్ ఆర్కిటెక్ట్ (బోట్ల డిజైన్, లెక్కలు చూసే ఇంజనీరు) ఒకాయన్ని తీసుకెళ్లి టెస్ట్ చేయించాం. గాలి లేని పూట చూసి, కట్టిన తాళ్లు వదులు చేసి, అందరినీ దింపేసి, విడివిడిగా తూచిన ఇసుక బస్తాలు డెక్ మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జరిపారు. లోపల పొడుగ్గా తూకపు దారం వేలాడదీసి, అది ఊగకుండా గుండుని నీళ్ల బకెట్‌లో ముంచి, ఎన్ని బస్తాలకి దారం ఎంత జరిగిందో స్కేలుతో కొలిచారు. ఆ కొలతలతో బోటు బరువు ఏ ఎత్తులో ఉందో లెక్క తేలుతుంది. ఆపైన మనిషికి 75 కిలోల చొప్పున, అందరూ ఒకే పక్కన నిలబడితే ఎంత ఒరుగుతుందో చూస్తారు. షెడ్డుతో ఉంటే 24 మందికి మించి ఎక్కించకూడదని తేలింది. షెడ్డు తీసేసి, జనరేటర్ కిందకి దించితే 36. మేం 45 మందిని ఎక్కించిన రోజులున్నాయి.

షెడ్డు కోసేశాం. పై డెక్‌కి తాళం వేశాం. స్టెబిలిటీ కాగితాలు, అంటే బోటు ఒరగకుండా ఎంత నిలుస్తుందో చెప్పే ఆ లెక్కలు, సమర్పించాం, సర్వే సర్టిఫికెట్ ఇంకా రాలేదు. అది చేతికి వచ్చేదాకా ఒక్కరినీ ఎక్కించం.

"మిగతా బోట్లు తిరుగుతున్నాయి కదా, మీకే ఎందుకు ఇంత?" అని ఇద్దరు ముగ్గురు అన్నారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన బోటులో మన విశాఖ వాళ్లూ ఉన్నారండీ. మునిగిన పడవలు బయటికి తీసే ధర్మాడి సత్యం గారి బృందం ఆ బోటును గోదావరిలోంచి బయటికి లాగేసరికి అక్టోబరు 22 అయింది. అన్ని రోజులూ వాళ్ల ఇళ్లలో ఎలా గడిచిందో నేను వేరే చెప్పక్కర్లేదు. అదే దారిలో బోటు నడుపుతూ, మాకే ఎందుకు అనే మాట నా నోట రాదు.

రూల్ కూడా స్పష్టంగానే ఉంది. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన ఇన్‌లాండ్ వెస్సెల్స్ యాక్ట్ 2021 ప్రకారం నదుల్లో తిరిగే ఇంజన్ బోటుకి సర్వే, రిజిస్ట్రేషన్ రెండూ ఉండాలి, నడిపే సరంగుకి, ఇంజన్ డ్రైవర్‌కి అర్హత పత్రాలుండాలి, ఇన్సూరెన్స్ ఉండాలి. బోటులో పెద్ద మార్పు చేస్తే రిజిస్ట్రేషన్ అధికారికి చెప్పాలి. రుషికొండలో సముద్రం మీద తిరిగే బోట్ల సంగతి వేరు, వాటిని దీనితో కలపకండి.

ఇక డబ్బుల సంగతి. నాలుగు బ్యాచ్‌ల వాళ్లకూ కట్టింది పూర్తిగా వెనక్కి ఇస్తున్నాం, బస్సు ఛార్జీతో సహా. యూపీఐలో కట్టినవాళ్లకి అదే నంబరుకి వేస్తాం, నగదు ఇచ్చినవాళ్లు రసీదు తెచ్చుకుంటే చాలు. రసీదు పోయినా రండి, మా పుస్తకంలో పేర్లున్నాయి. మళ్లీ మొదలుపెట్టాక టికెట్ 2,600 నుంచి 2,950 అవుతుంది. సీట్లు తగ్గాయి, డీజిల్ ఖర్చు మాత్రం అంతే. పెద్దవాళ్లకి పై డెక్ గాలి బాగుండేదని తెలుసు. కింద కిటికీల వరస వాళ్లకే వదిలేస్తాం, బుకింగ్‌లో ఒక మాట చెప్పండి.

ఇంకొకటి. ఇకపై బుకింగ్‌లో పిల్లల వయసుతో పాటు బరువు కూడా అడుగుతాం. దయచేసి విసుక్కోకండి. పెద్దవాళ్ల లైఫ్ జాకెట్ చిన్నపిల్లకి వేస్తే నీళ్లలో పడగానే జాకెట్ పైకి జారి, పిల్ల కిందకి జారిపోతుంది. పిల్లల సైజులు కొత్తగా 12 తెప్పించాం. ఏ ట్రిప్‌కి ఎన్ని కావాలో ముందే తెలిస్తే ఆ సంఖ్య చూసుకునే బస్సు ఇక్కడి నుంచి కదులుతుంది.