చలికాలం కబురు: మంచులో సైకిల్ తొక్కే మన పిల్లలకీ, కాలవగట్టు మీద తిరిగే మనకీ

అందరికీ నమస్కారమండి. కోనసీమలోని అంబాజీపేట షాపు నుంచి రాస్తున్నాను. మా దగ్గర ఎలక్ట్రిక్ సైకిలో స్కూటరో కొన్నవాళ్ళకి, పాత సైకిల్‌కి మోటార్ కిట్ వేయించుకున్నవాళ్ళకి, వాళ్ళ పిల్లలకి కూడా ఈ కబురు. పిల్లల్ని ఎందుకు కలిపానంటే, ఈ మధ్య సాయంత్రాలు షాపుకి వచ్చేవాళ్ళలో చాలామంది బండి తేవడం లేదు, ఫోన్ తెస్తున్నారు. అందులో టొరంటోలోనో చికాగోలోనో చదువుకుంటున్న అబ్బాయి ఉంటాడు, వాళ్ళకి అప్పుడే తెల్లారి కాలేజీకి బయల్దేరే టైం, "అంకుల్, నిన్నటిదాకా బాగానే వెళ్ళింది, మంచు పడగానే సగం దూరంలో ఆగిపోయింది" అంటాడు. పక్కనుంచి వాళ్ళ నాన్నగారు "ఏదో ఒకటి చెప్పండి, మావాడు చలిలో నడిచి వెళ్తున్నాడు" అంటారు. విడివిడిగా చెప్పలేక, చెప్పిందే చెప్పలేక, అందరికీ కలిపి ఇలా రాసేస్తున్నాను. షాపు సంగతులు, రేట్ల సంగతి చివర్లో ఉన్నాయి, అవి మాత్రమే కావాలంటే కిందకి వెళ్ళిపోండి.

ముందు సూట్‌కేసు గొడవ తేల్చేస్తాను. "ఇక్కడ బ్యాటరీ చవక కదా, పండక్కి వచ్చి వెళ్ళేటప్పుడు ఆవకాయ, పూతరేకులతోపాటు అదీ పట్టుకుపోతాడు, ఒకటి తయారుచేసి ఇవ్వండి" అని అడుగుతున్నారు. ఇవ్వనండి. విమానంలో ప్రయాణికుడు పట్టుకెళ్ళే లిథియం బ్యాటరీకి 100 వాట్ అవర్ల (వోల్టుల్ని ఆంపియర్ అవర్లతో గుణిస్తే వచ్చే లెక్క) దాకా ఇబ్బంది లేదు, 100 నుంచి 160 దాకా విమానం కంపెనీ ఒప్పుకోవాలి, అది దాటితే చేతి సంచీలోనూ ఎక్కించరు, లగేజీలోనూ ఎక్కించరు. మన సైకిల్ బ్యాటరీల్లో చిన్నది తీసుకున్నా 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు, అంటే 360 వాట్ అవర్లు. ఎయిర్‌పోర్టులో తీసి పక్కన పెడతారు, డబ్బులు పోతాయి, పైగా ఆ కుర్రాడు అక్కడ నిలబడి సమాధానం చెప్పుకోవాలి. ఒకవేళ ఎలాగో చేరినా, న్యూయార్క్ సిటీలో 2023 సెప్టెంబర్ నుంచి యూఎల్ అనే భద్రతా ప్రమాణం సర్టిఫికెట్ లేని ఎలక్ట్రిక్ సైకిల్ గానీ దాని బ్యాటరీ గానీ అమ్మడమే నిషేధం. బ్యాటరీ మంటల్లో మనుషులు పోయాక తెచ్చిన చట్టం అది. నేను షాపులో సెల్స్ వెల్డింగ్ చేసి కట్టే బ్యాటరీకి అలాంటి సర్టిఫికెట్ లేదు. అపార్ట్‌మెంట్‌లో పదిమంది మధ్య పడుకునే పిల్లాడికి అక్కడి సర్టిఫికెట్ ఉన్న బ్యాటరీ కొనిపెట్టండి, రెండింతలు అయినా సరే. నాకు పోయే అమ్మకం పోనీండి.

ఇక మంచు. ఆకాశం నుంచి మంచు రాలడం నేను కళ్ళతో చూడలేదు గానీ లిథియం సెల్ ఎక్కడున్నా ఒకే లెక్కన నడుస్తుంది. చలికి దాని లోపల రసాయన చర్య మందగిస్తుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. అందుకని వేసవిలో 40 కిలోమీటర్లు వెళ్ళిన బ్యాటరీ మైనస్ పదిలో 30 దాకా వెళ్ళి చాలించుకోవచ్చు, ఇంకా చలైతే ఇంకా తక్కువ. ఇది రోగం కాదు. ఇంట్లోకి తెచ్చి వెచ్చబడితే ఆ బలం మళ్ళీ వస్తుంది. కాబట్టి "బ్యాటరీ పోయింది, కొత్తది కొనాలి" అని ఫోన్ చేసే తల్లిదండ్రులు కంగారు పడకండి. పిల్లాడిని రాత్రి బ్యాటరీ విప్పి గదిలో పెట్టుకోమనండి, బయల్దేరే ముందు బిగించుకోమనండి, కాలేజీలో కూడా బయట వదిలేయకుండా లోపలికి పట్టుకెళ్ళమనండి. బ్యాటరీకి తొడిగే మందపాటి నియోప్రీన్ కవర్లు అక్కడ దొరుకుతాయి, అవి పనికొస్తాయి, కాకపోతే అవి వేడిని నిలుపుతాయే గానీ పుట్టించవు. చల్లబడ్డ బ్యాటరీకి కవర్ తొడిగి ప్రయోజనం లేదు.

అసలు ప్రమాదం నడపడంలో లేదు, ఛార్జింగ్‌లో ఉంది. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్న లిథియం బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టకూడదు. ఛార్జ్ అవుతున్నప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరల మధ్యకి వెళ్ళి సర్దుకోవాలి. బాగా చలిగా ఉంటే అంత వేగంగా లోపలికి వెళ్ళలేక పైపైనే లోహంగా పేరుకుంటాయి. అలా పేరుకున్నది చాలావరకు మళ్ళీ పనికి రాదు, బ్యాటరీ కెపాసిటీ శాశ్వతంగా తగ్గుతుంది, అది మొనదేలి పెరిగితే లోపలే షార్ట్ అవుతుంది. మంచి బ్యాటరీల్లో బీఎంఎస్, అంటే బ్యాటరీని కాపాడే సర్క్యూట్, ఇది కనిపెట్టి ఛార్జింగ్ ఆపేస్తుంది, చవక వాటిలో చాలావాటికి ఆ సెన్సరే ఉండదు. మనకి ఈ భయం లేదు కాబట్టి ఇక్కడ ఎవరూ చెప్పరు, పిల్లలు ఇంట్లో అలవాటైనట్టే రాగానే ప్లగ్ గుచ్చేస్తారు. బయటి నుంచి తెచ్చాక గంటో రెండు గంటలో గదిలో ఉంచి, చేత్తో ముట్టుకుంటే చల్లదనం పోయాక పెట్టాలి. ఇంకోటి, చల్లటి వస్తువు వెచ్చటి గదిలోకి రాగానే దాని మీద తేమ పడుతుంది, డిస్‌ప్లే లోపల, కనెక్టర్లలో కూడా. పొడిగుడ్డతో తుడిచి, ఆరాకే స్విచ్ వేయాలి.

నడపడం గురించి నేను చెప్పేది తక్కువ, అక్కడి సీనియర్లని అడగండి. మోటార్ సంగతి మాత్రం చెప్తాను. మా కిట్లలో మోటార్ ఎక్కువగా ముందు చక్రంలోనే ఉంటుంది, మన తారురోడ్డుకి అది చాలు. పైగా మన దగ్గర లైసెన్సు, రిజిస్ట్రేషన్ లేకుండా తిరగాలంటే 250 వాట్లు, గంటకి 25 కిలోమీటర్లే హద్దు. టొరంటో ఉన్న ఒంటారియోలో 500 వాట్లు, 32 కిలోమీటర్ల దాకా వెళ్ళనిస్తారు. అంత జోరు ముందు చక్రంలో ఉంటే గడ్డకట్టిన మంచు మీద చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగి హ్యాండిల్ పక్కకి లాగేస్తుంది. వెనక మోటార్ గానీ, పెడల్ దగ్గర మోటార్ గానీ ఉన్నది మేలు, అసిస్ట్, అంటే మోటార్ సాయం, తక్కువలో పెట్టి కదలాలి, టైర్లలో గాలి కాస్త తగ్గించాలి, మేకుల టైర్లు దొరికితే కనీసం ముందు చక్రానికి వేయించాలి. తడి రిమ్ము మీద రబ్బరు బ్రేకు పట్టదు, డిస్క్ బ్రేకున్న బండి చూసుకోండి.

అన్నట్టు, ఒక అమ్మగారు కొడుక్కి చైన్‌కి వేసుకోమని మన గానుగ కొబ్బరినూనె సీసా పంపారట. తలకి రాసుకోమనండి. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, పుష్యమాసంలో మన ఇంట్లో సీసాలోనే పేరుకుంటుంది కదా, మైనస్‌లో చైన్ లింకుల మధ్య ఏమవుతుందో మీరే ఆలోచించండి. ఇక్కడ కూడా చైన్‌కి కొబ్బరినూనె పోసి తెచ్చేవాళ్ళున్నారు, దానికి పీచు పొట్టు అంటుకుని వచ్చే ఆ జిడ్డు కడగడానికి మా కుర్రాడు పడే పాట్లు చూడలేకపోతున్నాను. సైకిల్ చైన్ ఆయిల్ అని విడిగా ఉంటుంది. తడి రోడ్లకి కాస్త చిక్కటిది.

ఇప్పుడు అసలు మాటకి వస్తాను. మంచు దేశాల్లో బళ్ళని తినేసేది మంచు కాదండి, ఉప్పు. రోడ్డు మీద మంచు కరగాలని టన్నులకొద్దీ ఉప్పు చల్లుతారు, చలి ముదిరితే కాల్షియం క్లోరైడ్ చల్లుతారు. ఆ ఉప్పునీరు చిమ్మి చైన్‌కీ, కనెక్టర్లకీ పడుతుంది. మరి మనకి? సఖినేటిపల్లి, మలికిపురం, అల్లవరం వైపు నుంచి నా దగ్గరకి వచ్చే బళ్ళు విప్పితే అదే కథ. సముద్రపు గాలి ఒకటి, రొయ్యల చెరువుల గట్ల మీద తిరగడం ఒకటి, పట్టుబడి రోజుల్లో లారీల నుంచి రోడ్డంతా కారే నీరు ఇంకొకటి. టొరంటో కుర్రాడు వీడియోలో చూపించిన కనెక్టరూ, అంతర్వేది నుంచి వచ్చిన స్కూటర్ కనెక్టరూ పక్కపక్కన పెడితే ఏది ఎక్కడిదో నేను చెప్పలేను. రెండింటికీ పచ్చగా చిలుము, అందులోనూ ప్లస్ పిన్ ఎక్కువ తినేసి ఉంటుంది, కరెంటు ఉన్న రాగికి ఉప్పునీరు తగిలితే ముందు పోయేది ఆ వైపే.

"వానాకాలం వెళ్ళిపోయింది కదా, ఇప్పుడెందుకు" అంటారు. ఇప్పుడే ఎక్కువండి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీరు పట్టుకుంటుంది, వంటింట్లో ఉప్పు జాడీ చెమ్మగిల్లేది అందుకే. ధనుర్మాసంలో మన దగ్గర తెల్లారుజామున పొగమంచు పట్టి ఎదురుగా మనిషి కనపడడు, అప్పుడు తేమ ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు. మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది, ఆరుతుంది, మళ్ళీ రాత్రికి తడుస్తుంది. సెప్టెంబర్‌లో పట్టిన ఉప్పు కడగకుండా వదిలేస్తే జనవరిలో పని చూపిస్తుంది. వరదలో చక్రాలు మునిగి, ఎండబెట్టుకుని, "ఏం కాలేదు, బాగానే నడుస్తోంది" అనుకున్న లంక ఊళ్ళ బళ్ళు కూడా ఇప్పుడే ఒక్కొక్కటి వస్తున్నాయి. గోదావరి నీటిలో ఉప్పు లేకపోయినా మోటార్ యాక్సిల్ వైరు పక్కనుంచి లోపలికి వెళ్ళిన ఒండ్రు తేమని వదలదు, మోటార్ ఎంత తిరిగిందో కనిపెట్టే హాల్ సెన్సర్లు అక్కడే చెడిపోతాయి. బండి కుదుపులుగా కదులుతుంటే అనుమానం దాని మీదే.

కాబట్టి అక్కడి పిల్లలకీ మనకీ పని ఒకటే. వారానికోసారి, చెరువు గట్ల మీద తిరిగేవాళ్ళు రెండుమూడు రోజులకోసారి, బకెట్ మంచినీళ్ళు, పాత బనీను గుడ్డ. అక్కడైతే గోరువెచ్చని నీళ్ళు, మన బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే కుళాయి నీళ్ళు. వాటర్ సర్వీసింగ్ గన్ మాత్రం వద్దు. ఐపీ 67 అని రాసి ఉంది కదా అని గన్‌తో కొట్టించి తెస్తున్నారు. ఆ 67కి అర్థం మీటరు లోతు నిలవ మంచినీటిలో అరగంట ఉంచితే లోపలికి నీరు వెళ్ళలేదని, అదీ సీల్ కొత్తగా ఉన్నప్పుడు. గన్ ప్రెషర్‌కి, వరద వడికి, చెరువు ఉప్పునీటికి ఎవరూ హామీ ఇవ్వలేదు. కడిగాక తుడిచి, ఆరాక, కనెక్టర్లలో డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని, తేమని ఆపే గ్రీజు) సన్నగా రాయాలి. మామూలు చక్రాల గ్రీజు పెట్టకండి, కొన్ని రకాలకి ప్లాస్టిక్ ఉబ్బిపోతుంది.

ఛార్జర్ సంగతి కూడా. వసారాలో పెంకుల చూరు కింద ఎక్స్‌టెన్షన్ బోర్డు వేలాడదీసి రాత్రంతా పెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు, తెల్లారేసరికి చూరు నుంచి మంచు బొట్లు బోర్డు మీద పడుతుంటాయి. బ్యాటరీ తీయగలిగే బండి అయితే లోపల పెట్టుకోండి, కానీ మంచం కింద, దారికి అడ్డంగా తలుపు దగ్గర వద్దు. తీయడానికి వీల్లేని బండి అయితే పగలు పెట్టుకోండి.

ఇక కోపాలు తెచ్చే మాటలు. ఒకటి, నీళ్ళలో మునిగిన బ్యాటరీ నేను విప్పి బాగుచేయను. ఎంత తెలిసినవాళ్ళైనా సరే. అది రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు, మాది తాటాకు పాకల పక్క షాపు. మునిగితే తాళం తిప్పకండి, ఛార్జింగ్ పెట్టకండి, ఇంటికి దూరంగా ఆరుబయట పెట్టి ఫోన్ చేయండి, కంపెనీకి పంపే దారి చూపిస్తాను. లంకల్లోవాళ్ళు వచ్చే ఏడాదైనా ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 13.75 అడుగులకి చేరి రెండో హెచ్చరిక ఇచ్చారనగానే బ్యాటరీ విప్పి అటక ఎక్కించేయండి, కాజ్‌వే మునిగాక బండి తోసుకురావడం కుదరదు.

రెండు, కనెక్టర్లన్నీ విప్పి శుభ్రం చేసి గ్రీజు పెట్టడానికి ఇన్నాళ్ళూ 150 తీసుకున్నాను, జనవరి నుంచి 250. గ్రీజు రేటు పెరిగిందని వంక చెప్పను. మా కుర్రాడికి జీతం పెంచాను, పెంచకపోతే హైదరాబాద్ వెళ్ళిపోతాడు, వాడు వెళ్తే షాపు నడవదు. ఈ నెలాఖరులోగా తెచ్చినవాళ్ళకి పాత రేటే. మూడు, కంట్రోలర్లు, అంటే మోటార్‌కి కరెంటు అందించే పెట్టెలు, వెంటనే దొరకడం లేదు. వస్తుందని చెప్పి తిప్పించుకోవడం నాకిష్టం లేదు, వచ్చినప్పుడే అడ్వాన్సు తీసుకుంటాను.

సంక్రాంతికి భోగి నుంచి ముక్కనుమ దాకా షాపు మూసే ఉంటుంది. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం, ఆ రోజు ఈ రోడ్లలో బండి కదలదు, ఫోన్ కూడా ఎత్తను. పండక్కి వచ్చే పిల్లలు వాళ్ళ బ్యాటరీ వదిలేసి ఛార్జర్ మాత్రం తెచ్చుకుని చూపించాలనుకుంటే, దాని మీద ఇన్‌పుట్ 100-240 వోల్టులని ఉందో లేదో చూసుకుని గుచ్చండి. 110 లేదా 120 అని మాత్రమే ఉంటే మన 230కి పెట్టగానే కాలిపోతుంది, దాన్ని బాగుచేయించుకోవడానికి మళ్ళీ నా దగ్గరకే రావాలి, నేనేమో ప్రభల దగ్గర ఉంటాను.